ఒక్క పగటిలో కుమార పర్వతం: సాయంత్రం నుంచి వెనక్కి లెక్క వేసుకుని ఎక్కవలసిన కొండ

కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్యకు ఆశ్లేష బలి కోసమో, సర్ప సంస్కారం కోసమో వెళ్లే తెలుగు కుటుంబాలకు ఊరికి తూర్పున మబ్బుల్లో సగం దాగి ఉండే కొండలు పరిచయమే. వాటిలో అన్నిటికన్నా ఎత్తైన కుమార పర్వతం సముద్రమట్టానికి 1,712 మీటర్ల ఎత్తున, దక్షిణ కన్నడ, కొడగు, హాసన్ జిల్లాల సరిహద్దులు దగ్గరపడే చోట, పుష్పగిరి అభయారణ్యంలో ఉంది. కొడగు జిల్లాలో తడియాండమోల్ తర్వాత ఎత్తైన శిఖరం ఇదే. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన పడమటి కనుమల 39 ప్రదేశాలలో పుష్పగిరి అభయారణ్యం కూడా ఒకటి. తారకాసురుణ్ని సంహరించిన తర్వాత కుమారస్వామి ఈ కొండకు వచ్చాడనీ, ఇంద్రుడు తన కూతురు దేవసేననిచ్చి ఇక్కడే పెళ్లి జరిపించాడనీ స్థలపురాణం చెబుతుంది.

కుక్కే వైపు నుంచి ఎక్కి, అదే దారిన తిరిగి దిగితే నడక మొత్తం సుమారు 26 కిలోమీటర్లు అవుతుంది. దూరం కన్నా ఎత్తు మనిషిని ఎక్కువగా పరీక్షిస్తుంది. కుక్కే ఊరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి, శిఖరం చేరేసరికి మనం దాదాపు 1,600 మీటర్లు నిలువుగా పైకి వెళ్లినట్టు లెక్క. మనకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరడానికి రెండింతలకు పైగా ఎక్కుడు ఒకే పూటలో ఎక్కి, మెట్లు లేని ఆ దారినే తిరిగి కాలినడకన దిగాలి. దక్షిణ భారతంలో ఒక్క రోజులో ముగించే నడకల్లో దీన్ని కఠినమైన వాటిలో ఒకటిగా లెక్కించడానికి కారణం ఇదే.

ఈ కొండ మీద ఇబ్బంది పడేవారిలో ఎక్కువమంది శిఖరం ఎక్కలేక ఇబ్బంది పడరు. శిఖరం ఎక్కాక, తిరుగుదారిలో, నీళ్లు అయిపోయి, మోకాళ్లు వణుకుతుండగా, అడవిలో చీకటి పడి ఇబ్బంది పడతారు. అందుచేత ఈ నడకను ఉదయం నుంచి ముందుకు కాకుండా సాయంత్రం నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. కింద చెప్పేదంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

కాలం, అనుమతి, ప్రయాణం

అక్టోబరు చివరి నుంచి జనవరి వరకు ఈ నడకకు అనువైన కాలం. వానలు తగ్గిన కొత్తలో పచ్చిక నిండుగా ఉంటుంది, వాగుల్లో నీళ్లుంటాయి, గాలి కడిగినట్టు ఉండి దూరపు కొండలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. కానీ అక్టోబరులో మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు వచ్చే అవకాశం కూడా అంతే ఎక్కువ కాబట్టి, నవంబరు మూడో వారం నుంచి జనవరి నెలాఖరు వరకు ఉన్న రోజులను నేను ఎక్కువగా ఇష్టపడతాను. ఫిబ్రవరి దాటితే గడ్డి ఎండిపోయి కార్చిచ్చు భయం మొదలవుతుంది. వానాకాలంలో దారి బురదగా, జారుడుగా ఉండి జలగలతో నిండిపోతుంది. ఈ రెండు కాలాల్లోనూ అటవీశాఖ సాధారణంగా దారిని మూసివేస్తుంది. మూసి ఉన్నప్పుడు దొడ్డిదారిన వెళ్లే ఆలోచన చేయకూడదు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం మాత్రమే కాదు, ఏదైనా జరిగితే మీరు కొండ మీద ఉన్నారని తెలిసినవారు ఎవరూ ఉండరు.

2024 జనవరిలో గణతంత్ర దినోత్సవం సెలవుల్లో ఈ కొండ మీదికి వేలమంది ఒక్కసారిగా చేరిన దృశ్యాలు బయటికి వచ్చాక, కర్ణాటక అటవీశాఖ ముందస్తు ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కింగ్ దారులను నిలిపివేసింది. ఆ తర్వాత అనుమతులు అటవీశాఖ వెబ్‌సైటు ద్వారా, పరిమిత సంఖ్యలో ఇచ్చే పద్ధతి వచ్చింది. రుసుము, పైకి పంపే వేళలు, ఏ వైపు నుంచి ఎక్కనిస్తారన్న విషయం కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి, బస్సు టిక్కెట్టు కన్నా ముందు అనుమతి తీసుకోండి. బుకింగ్ కాగితం, అందులో పేర్కొన్న గుర్తింపు కార్డు అసలుది వెంట ఉంచుకోండి. కొండ మీద గుడారం వేసి రాత్రి ఉండవచ్చునని చెప్పే పాత వ్యాసాలు ఇప్పటికీ చెలామణిలో ఉన్నాయి. వాటిని నమ్మి సామాను మోసుకెళ్లవద్దు.

హైదరాబాదు, విజయవాడ, తిరుపతి నుంచి వచ్చేవారు ముందు బెంగళూరు చేరడం సులువు. అక్కడి నుంచి రాత్రి బయల్దేరే ఆర్టీసీ బస్సులు సకలేశపుర, గుండ్య మీదుగా తెల్లవారేసరికి కుక్కే చేరుస్తాయి. రైలులో వచ్చేవారు సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్‌లో దిగాలి. అది ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరం. అయితే రాత్రంతా ఘాట్ రోడ్డు మలుపుల్లో ఊగుతూ వచ్చి, నిద్రలేని కళ్లతో తెల్లవారుజామున నేరుగా కొండెక్కడం మొదలుపెట్టే అలవాటు చాలా బృందాల్లో ఉంది. దాన్ని మానుకోమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ముందు రోజు మధ్యాహ్నానికే చేరి, దర్శనం చేసుకుని, తొమ్మిదింటికల్లా నిద్రపోయినవారికీ బస్సు దిగి ఎక్కేవారికీ తేడా ఉదయం తెలియదు, మధ్యాహ్నం రెండు దాటాక తెలుస్తుంది. మార్గశిర శుద్ధ షష్ఠి, అంటే మనం సుబ్రహ్మణ్య షష్ఠిగా జరుపుకునే రోజు, కుక్కేలో చంపా షష్ఠి రథోత్సవం జరుగుతుంది. ఆ వారంలో ఊళ్లో గది దొరకడం కష్టం కాబట్టి నడకను మరో వారానికి పెట్టుకోవడం మంచిది.

కాళ్లను తయారు చేసుకోవడం

రోజూ పార్కులో ఐదు కిలోమీటర్లు చదునుగా నడిచే అలవాటు గుండెకు మంచిదే గానీ, ఈ కొండకు అది చాలదు. కనీసం ఎనిమిది వారాల ముందు నుంచి మెట్లు ఎక్కి దిగే సాధన చేయాలి. పది అంతస్తుల అపార్ట్‌మెంటులో ఉండేవారు వారానికి మూడు రోజులు, మొదట ఐదుసార్లతో మొదలుపెట్టి, చివరి వారాలకు ఇరవై సార్లకు చేరుకోవచ్చు. అంతస్తుకు మూడు మీటర్ల లెక్కన ఇరవై సార్లు ఎక్కితే 600 మీటర్ల ఎక్కుడు అవుతుంది. ఇక్కడ అందరూ వదిలేసే మాట ఒకటి ఉంది: పైకి నడిచి, కిందికి లిఫ్టులో రాకూడదు. ఎక్కుడు ఊపిరితిత్తులను పరీక్షిస్తుంది, దిగుడు తొడ ముందు కండరాలనూ మోకాళ్లనూ పరీక్షిస్తుంది. ఆ కండరాలు దిగుతూ ఉంటేనే దిగుడుకు అలవాటు పడతాయి. వీపు మీద ఐదు కిలోల సంచి పెట్టుకుని దిగితే ఇంకా మంచిది.

వారాంతాల్లో ఒక పెద్ద నడక ఉండాలి. విశాఖవారికి సింహాచలం మెట్లదారి ఉంది. రాయలసీమవారు ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం దాకా వెళ్లి వస్తే, మెట్లు లేని రాతి దారిలో అడుగు ఎలా వేయాలో బాగా తెలుస్తుంది. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష అలిపిరి. సంచితో, ఎక్కువసేపు కూర్చోకుండా మూడు గంటల్లోపు తిరుమల చేరి, అదే రోజు కాలినడకన దిగి, మరునాడు గోడ పట్టుకోకుండా మెట్లు దిగగలిగితే మీ కాళ్లు కుమార పర్వతానికి సిద్ధంగా ఉన్నాయని అనుకోవచ్చు. అలా కాకపోతే నిరాశపడనక్కరలేదు. ఇంకో నెల సాధన చేయవచ్చు, లేదా సోమవారపేట వైపు బీడహళ్లి నుంచి ఉన్న దారిని ఎంచుకోవచ్చు. ఆ ఊరు చాలా ఎత్తులో ఉండటం వల్ల అక్కడి నుంచి ఎక్కుడూ దూరమూ రెండూ దాదాపు సగానికి తగ్గుతాయి. అక్కడ కూడా నిటారు రాతిపలకలు ఉన్నాయి కాబట్టి తేలికైన దారి అని మాత్రం అనుకోకూడదు.

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మోకాలి అరుగుదల ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా బయల్దేరవద్దు. మధుమేహం ఉన్నవారు పన్నెండు గంటల శ్రమకు మందుల మోతాదును ఎలా సర్దుకోవాలో ముందే తెలుసుకుని, చక్కెర పడిపోయినప్పుడు వెంటనే తినడానికి గ్లూకోజు జేబులోనే ఉంచుకోవాలి. సంచి అడుగున ఉన్న గ్లూకోజు అవసరం వచ్చినప్పుడు చేతికి అందదు.

రోజు లెక్క

డిసెంబరులో ఈ ప్రాంతంలో సాయంత్రం ఆరుంబావుకల్లా పొద్దు కుంకుతుంది. దట్టమైన అడవిలో అంతకు అరగంట ముందే నేల మీది వేర్లు, రాళ్లు సరిగా కనిపించడం మానేస్తాయి. కాబట్టి ఆరు గంటలలోపు అడవి దాటి కింది రోడ్డు మీద ఉండాలి. ఇది మొదటి గీత. అడవి భాగం దిగడానికి అలసిన కాళ్లకు రెండు గంటలు పడుతుంది కనుక, అడవి పైఅంచున ఉన్న భట్టర మనె అనే ఇంటి నుంచి నాలుగింటికి కదలాలి. శిఖరానికి ముందు వచ్చే రాతి కొండ శేషపర్వతం నుంచి భట్టర మనెకు దిగడానికి మరో రెండు గంటలు, అంటే శేషపర్వతాన్ని రెండింటికి వదలాలి. శేషపర్వతం నుంచి శిఖరానికి వెళ్లి, కాసేపు కూర్చుని, తిరిగి శేషపర్వతానికి రావడానికి రెండు గంటలు కావాలి. అందువల్ల పైకి వెళ్లేటప్పుడు శేషపర్వతం మీద మధ్యాహ్నం పన్నెండింటికి ఉండాలి. భట్టర మనె నుంచి అక్కడికి మూడు గంటల ఎక్కుడు, కాబట్టి తొమ్మిదింటికి భట్టర మనె దాటాలి. కింది నుంచి భట్టర మనెకు రెండున్నర గంటలు. ఆ లెక్కన ఉదయం ఆరున్నర దాటకుండా మొదటి అడుగు పడాలి.

ఈ లెక్కలో తప్పించుకోలేని గీత శేషపర్వతం దగ్గరి పన్నెండు గంటలు. పన్నెండున్నరకు అక్కడికి చేరితే శిఖరం కళ్ల ముందే ఉన్నా, వాతావరణం ఎంత బాగున్నా, ఆ రోజుకు శేషపర్వతమే మీ శిఖరం. ఈ నిర్ణయాన్ని కొండ మీద తీసుకోకూడదు. అక్కడ అలసట, ఉత్సాహం, పక్కవాళ్ల మాటలు కలిసి మనసును మారుస్తాయి. ముందు రోజు రాత్రి గదిలో కూర్చున్నప్పుడే బృందంలో అందరూ ఒప్పుకుని, గడియారం చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆ ఒకరి మాటకు ఎదురు చెప్పకూడదన్నది కూడా అప్పుడే అనుకోండి. చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖవారు ఒక వేళ దాటాక పైకి వదలరు. మీ గీతల కన్నా వారి వేళ ముందుగా ఉంటే వారిదే పాటించాలి. పొద్దున్నే పైకి పంపే వేళ ఆలస్యమైతే లెక్కంతా ముందుకు జరపకండి. సాయంత్రం ఆరు గంటలు అక్కడే ఉంటుంది, తగ్గించుకోవలసింది పైకి వెళ్లే దూరాన్ని మాత్రమే.

దారి స్వభావం

మొదటి రెండున్నర గంటలు అడవి. చెట్ల నీడ ఉంటుంది గానీ గాలి ఆడదు, తేమ ఎక్కువ, మొదటి అరగంటలోనే చొక్కా తడిసిపోతుంది. దారంతా వేర్లు, రాళ్లు. మధ్యలో భీముని రాయి అని పిలిచే పెద్ద బండ వస్తుంది, చాలామంది అక్కడ మొదటిసారి కూర్చుంటారు. ఈ భాగంలో చేసే సాధారణమైన పొరపాటు వేగంగా నడవడం. పొద్దుటి చల్లదనంలో కాళ్లు తేలిగ్గా ఉంటాయి, ముందు వెళ్లే బృందాన్ని దాటాలనిపిస్తుంది. పక్కనున్న వ్యక్తితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత నిదానంగా నడవండి. వాక్యం మధ్యలో ఊపిరి తెగుతోందంటే వేగం ఎక్కువైందని అర్థం. అడుగు చిన్నదిగా వేసి, పాదం మొత్తం నేల మీద ఆనించి, ఎత్తైన రాయి మీదికి ఒక్క అంగలో ఎక్కకుండా పక్కనున్న చిన్న రాళ్ల మీదుగా రెండు అడుగుల్లో ఎక్కితే తొడలకు సాయంత్రం దాకా బలం మిగులుతుంది.

అడవి ముగిసి పచ్చిక తెరుచుకునే చోట భట్టర మనె వస్తుంది. ఆ ఇంటివారు ఏళ్ల తరబడి కొండెక్కేవారికి అన్నం, సాంబారు పెడుతున్నారు. తిరుగుదారిలో భోజనం కావాలంటే పైకి వెళ్లేటప్పుడే ఎంతమందో చెప్పి వెళ్లడం మర్యాద. అక్కడ సీసాలన్నీ నింపుకోండి. కాస్త పైన గిరిగద్దె దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు. అక్కడ అనుమతి కాగితాలు, సంచులు చూస్తారు. మద్యం, పొగాకు, వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. తినుబండారాలను ఇంటి దగ్గరే డబ్బాల్లోకి మార్చుకుంటే అక్కడ సమయం కలిసివస్తుంది.

చెక్‌పోస్టు తర్వాత కొండ పూర్తిగా మారిపోతుంది. ఇక్కడి నుంచి శేషపర్వతం దాకా గట్టు మీదుగా, పచ్చిక మధ్య సన్నని బాట. నీడనిచ్చే చెట్టు దాదాపుగా లేదు. చల్లని గాలి వీస్తూ ఉండటం వల్ల ఎండ దెబ్బ తెలియదు, దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండు వరకు, ఎండ తీవ్రమయ్యే వేళల్లో, ఈ భాగమంతా ఎక్కాలి కాబట్టి రోజులో నీళ్లు ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే. దాహం వేసేదాకా ఆగకుండా పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి రెండు మూడు గుక్కలు తాగుతూ ఉండాలి. దారిలో నాలుగు రాతి స్తంభాల కల్లు మంటపం వస్తుంది. దాని దగ్గర వాగు నీళ్లు దొరుకుతాయి గానీ, జనవరి తర్వాత వాటిని నమ్ముకోలేం. ఈ గట్టు మీద పొగమంచు కమ్మితే పశువుల బాటలు కూడా అసలు దారిలాగే కనిపిస్తాయి. ఫోనులో మ్యాపును ముందే దించుకుని ఉంచండి, సిగ్నల్ మీద ఆధారపడకండి. పది అడుగుల దూరం కూడా కనిపించని మంచులో అందరూ ఒకచోట కూర్చుని అది విడిపోయేదాకా ఆగడమే మంచిది.

శేషపర్వతం చేరగానే కొండ ఒక్కసారిగా తెగిపోయినట్టు కనిపిస్తుంది. పడగ విప్పిన పాములా నిలబడిన ఆ రాతి అంచు కింద లోయ చాలా లోతుగా ఉంటుంది, గాలి బలంగా తోస్తుంది. ఫోటో కోసం అంచుకు వెళ్లవద్దని చెప్పడం అందరూ చెప్పే మాటే అయినా, అలసిన కాలు పట్టు తప్పడానికి క్షణం చాలు కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పవలసిన అవసరం ఉంది. ఇక్కడి నుంచి దారి ముందు కిందికి, షోలా అడవిలోకి, అంటే కొండ మడతల్లో పొట్టి చెట్లతో దట్టంగా పెరిగే అడవిలోకి దిగి, ఒక చిన్న వాగు దాటి, మళ్లీ నిటారుగా ఎక్కుతుంది. అంటే తిరిగి వచ్చేటప్పుడు కూడా ఈ దిగిన ఎత్తును మళ్లీ ఎక్కవలసి ఉంటుంది. శిఖరంతో ఎక్కుడు అయిపోయిందనుకునేవారి ధైర్యాన్ని ఈ చివరి ఎక్కుడు బాగా తగ్గిస్తుంది. మధ్యలో ఏటవాలు రాతిపలక ఒకటి వస్తుంది. పొడిగా ఉంటే చేతులు ఆన్చి, మూడు ఆధారాలు ఎప్పుడూ రాతిని తాకి ఉండేలా చూసుకుంటూ సులువుగానే ఎక్కవచ్చు. తడిగా, నాచుతో ఉంటే దాని మీద అడుగు వేయవద్దు, ఎక్కగలిగినా దిగడం ప్రమాదం.

శిఖరం విశాలంగా ఉంటుంది. రాళ్లు పేర్చి కట్టిన చిన్న గుడిలో శివలింగం ఉంది. పూజ చేసేవారు అగరుబత్తి, కర్పూరం వెలిగించకుండా నీళ్లతో, పూలతో సరిపెట్టుకోవడం ఎండు గడ్డి ఉన్న కొండకు మంచిది. పదిహేను నిమిషాలు కూర్చోండి, తినండి, చెమట ఆరకముందే పలుచని జాకెట్టు వేసుకోండి.

సంచిలో ఏముండాలి

మనిషికి మూడు నుంచి నాలుగు లీటర్ల నీళ్లు తాగవలసి వస్తుంది. అందులో మూడు లీటర్లు పట్టే సీసాలు ఉంటే, భట్టర మనె దగ్గర నింపుకుని శిఖరం దాకా వెళ్లి రావచ్చు. ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. చెమటతో పోయే ఉప్పును నీళ్లు ఒక్కటే తిరిగి ఇవ్వలేవు, ఉప్పు లేకుండా లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే తలనొప్పి, వికారం వస్తాయి. తిండిలో మన పులిహోరను మించినది లేదు. చింతపండు, నూనె ఉండటం వల్ల పాడవకుండా సాయంత్రం దాకా నిలుస్తుంది, పల్లీలు బలమిస్తాయి. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది కనుక వద్దు. పల్లీపట్టీలు, ఖర్జూరాలు, అరటిపళ్లు, ఒక కీరదోసకాయ చేతికి అందేలా ఉంచుకుని గంటకొకసారి కొంచెం కొంచెం తినండి. కడుపునిండా ఒకేసారి తింటే ఎక్కుడు భారమవుతుంది.

బూట్లు కొత్తవి కాకూడదు. కనీసం నెలరోజులు నడిచి పాదానికి అలవాటుపడినవి, అడుగున లోతైన గాడులున్నవి ఉండాలి. కాలివేళ్ల గోళ్లను రెండు రోజుల ముందే కత్తిరించుకోండి, లేకపోతే దిగుడులో బూటు ముందు భాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. రెండో జత సాక్సులు, పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, వాన కోటు, మనిషికొక హెడ్‌ల్యాంప్, ఈల, క్రేప్ బ్యాండేజీ, దూది, మీరు వాడే మందులు అవసరం. ఫోను టార్చి హెడ్‌ల్యాంపుకు బదులు కాదు. చీకట్లో దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, పైగా ఫోను చార్జీ అత్యవసరానికి మిగలాలి. చేతికర్రలు రెండు ఉంటే మోకాళ్లకు ఎంతో మేలు. సంచి మొత్తం బరువు నీళ్లతో కలిపి ఆరు కిలోలు దాటకుండా చూసుకోండి.

వాన, మెరుపు, జంతువులు

మధ్యాహ్నం ఉరుము వినిపించిందంటే గట్టు మీద ఉండకూడదు. మీరు ఆ పచ్చికలో అన్నిటికన్నా ఎత్తైన వస్తువు అవుతారు. వెంటనే వెనక్కి తిరిగి వేగంగా, కానీ పరుగెత్తకుండా దిగండి. ఒంటరి చెట్టు కింద నిలబడవద్దు. నాలుగు వైపులా తెరిచి ఉన్న కల్లు మంటపం కూడా పిడుగు నుంచి కాపాడదు. శిఖరానికి ఎంత దగ్గరగా ఉన్నారన్న ఆలోచన అప్పుడు రాకూడదు.

ఈ అడవిలో ఏనుగులు, అడవిదున్నలు, రాచనాగులు, పొడపాము జాతివి ఉన్నాయి. తాజా పేడ, విరిగిన వెదురు కనిపిస్తే మాటలు తగ్గించి, చుట్టూ చూసుకుంటూ కలిసి నడవండి. ఏనుగు ఎదురైతే కేకలు వేయకుండా, ఫోటోకు ఆగకుండా, వచ్చిన దారినే వెనక్కి తగ్గండి. రాయి పట్టుకునే ముందు, బండ మీద కూర్చునే ముందు ఒకసారి చూడటం అలవాటు చేసుకుంటే పాములతో ఇబ్బంది రాదు. అక్టోబరులో అడవి భాగంలో జలగలు ఇంకా ఉంటాయి. ప్యాంటు అంచును సాక్సులోకి దోపుకుని, సాక్సు మీద ఉప్పు లేదా ముక్కుపొడి రాస్తే చాలావరకు ఎక్కవు. పట్టుకున్న జలగను లాగి పీకకుండా గోటితో దాని నోటి దగ్గర పక్కకు నెట్టి తీసేయండి. రక్తం కాసేపు ఆగదు, దూదితో అదిమి పట్టుకుంటే సరిపోతుంది, భయపడవలసినది కాదు.

భట్టర మనె దాటాక ఫోను సిగ్నల్ అక్కడక్కడే ఉంటుంది. బయల్దేరే ముందు ఊళ్లో ఒకరికి, ఇంట్లో ఒకరికి మీ బృందంలో ఎంతమంది ఉన్నారో, ఎన్నింటికి దిగుతారో, ఏ వేళ దాటితే వెతకడం మొదలుపెట్టాలో చెప్పి వెళ్లండి. సిగ్నల్ ఉన్నచోట అత్యవసర నంబరు 112. ఎవరికైనా చెమట ఆగిపోయి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. నీడ చేసి, బట్టలు తడిపి, విసురుతూ ఒంటిని చల్లబరచండి, ఒకరు ఆ వ్యక్తి దగ్గర ఉండి మరో ఇద్దరు చెక్‌పోస్టుకు వెళ్లాలి. అందుకే నలుగురికి తక్కువ కాకుండా వెళ్లమంటాను.

దిగుడు

శిఖరం నుంచి కదిలే ముందు బూటు తాళ్లను విప్పి, మడమ వెనక్కి ఆనేలా తన్ని, చీలమండ దగ్గర గట్టిగా బిగించి మళ్లీ కట్టుకోండి. దీంతో పాదం ముందుకు జారదు. దిగేటప్పుడు మోకాళ్లను పూర్తిగా చాపకుండా కొద్దిగా వంచి ఉంచి, కర్రలను ముందు ఆన్చి, ఆ తర్వాత అడుగు వేయాలి. ఎండు గడ్డి మీద, చిన్న గులకరాళ్ల మీద కాలు జారుతుంది కాబట్టి వెనక్కి వాలకుండా బరువును పాదాల మీదే ఉంచాలి. వెనక్కి వాలినవారే ఎక్కువగా జారిపడతారు. వేగంగా దిగగలిగిన కుర్రవాళ్లు ముందు పరుగెత్తి, నిదానంగా దిగేవారు వెనక ఒంటరిగా మిగిలిపోవడం ఈ కొండ మీద తరచూ కనిపించే దృశ్యం. అందరికన్నా నిదానమైన వ్యక్తిని ముందు పెట్టి, అనుభవమున్న ఒకరు అందరికన్నా వెనక నడిస్తే ఎవరూ తప్పిపోరు.

భట్టర మనె దగ్గర భోజనానికి కూర్చుంటే లేవాలనిపించదు. పావు తక్కువ నాలుగింటికి అక్కడికి చేరినవారికి పదిహేను నిమిషాలే ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆలస్యంగా చేరితే అన్నం మానుకుని మజ్జిగ తాగి, హెడ్‌ల్యాంపు తలకు కట్టుకుని బయల్దేరండి. చివరి రెండు గంటల అడవిలో రోజంతటి అలసట కళ్లకు ఎక్కుతుంది, పొద్దున దాటిన వేర్లకే కాలు తగులుతుంది. అక్కడ మాటలు, పాటలు ఆపి, ప్రతి అడుగూ చూసి వేయడం అవసరం.

కింద చేరాక కుమారధార నది నీళ్లలో పాదాలు ముంచి కూర్చుంటే వాపు తగ్గుతుంది. ఆ రాత్రి మాత్రం కారు నడుపుకుంటూ ఘాట్ రోడ్డెక్కి బెంగళూరు వెళ్లవద్దు. పన్నెండు గంటలు నడిచిన డ్రైవరుకు గుండ్య మలుపుల్లో నిద్ర రావడం ఖాయం. ఊళ్లోనే గది తీసుకుని పడుకోండి, లేదా బస్సులో సీటు ముందే బుక్ చేసుకోండి.